అత్తగారు గేటు దాటిన వైనం

అత్తగారికి ఏ గుమ్మాన్నీ ఊరికే దాటడం చేతకాదు. కూర్చున్నంతసేపూ ఎండల గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడుతుంది. "ఇక వెళ్ళొస్తా" అని లేచి, చెప్పుల్లో ఒక కాలు పెట్టి, ద్వారబంధం పట్టుకున్నాక అసలు మాటలు మొదలవుతాయి. ఎవరికి ఏ జబ్బు చేసింది, ఎవరి ఇల్లు అమ్మకానికొచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, అన్నీ అక్కడే తేలాలి. ఆవిడ వెళ్తానంటే వెళ్ళినట్టు కాదని ఎరిగిన బంధువులు, ఆవిడ లేవగానే మళ్ళీ కాఫీకి నీళ్ళు పెడతారు.

అలాంటి మనిషి గుండె ఒకనాడు దారి తప్పింది. ఉన్నట్టుండి పరుగు లంకించుకోవడం, ఆయాసంతో ఆవిడ ఎక్కడ పడితే అక్కడ కూలబడటం. డాక్టర్లు ఎడమ భుజం కింద, చర్మం లోపల, అరచేతిలో పట్టేంత యంత్రం పెట్టి, దాని తీగను గుండెలోకి దింపారు. గుండె అదుపు తప్పితే ఆ యంత్రం లోపలినుంచే ఒక్కటిచ్చి దారిలో పెడుతుంది. ఇంటికి పంపేటప్పుడు నర్సు జాగ్రత్తలు చెప్పింది. పెద్ద దుకాణాల గుమ్మాల్లో దొంగల కోసం పెట్టిన గేట్లుంటాయి, మామూలుగా నడిచి దాటితే ఏమీ కాదు, వాటి మధ్య నిలబడకూడదు, వాటికి ఆనుకోకూడదు అంది. అత్తగారు ఈ జాగ్రత్తలన్నీ ఆస్పత్రి గుమ్మంలో నిలబడి, తలుపుకు ఆనుకుని విన్నది.

కోడలు పని చేసేది అలాంటి దుకాణంలోనే. బట్టలు, దుప్పట్లు, చెప్పులు, కుర్చీలు, సోఫాలు అమ్మే పెద్ద దుకాణం. కోడలు బిల్లు కౌంటరులో కూర్చుంటుంది. బిల్లు వేసి, సరుకుకున్న ట్యాగు ఊడదీసి ఇవ్వడం కోడలి పని. ట్యాగు ఊడదీయని సరుకు గుమ్మం దాటిందంటే, అటూ ఇటూ నిలబెట్టిన రెండు తెల్లటి పలకలు ఊరంతా వినిపించేలా అరుస్తాయి. పనివాళ్ళు దాన్ని అరుపు గేటు అంటారు.

యంత్రం పెట్టించుకున్న కొత్తల్లో అత్తగారు కోడలికి మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి, తిరిగి వెళ్తూ సరిగ్గా ఆ పలకల మధ్య ఆగింది. అక్కడ నిలబడే గార్డు ఒకప్పుడు బస్సు కండక్టరు. నిలబడి నిలబడి అతని మోకాలు అరిగిపోయింది. ఆ మోకాలి చరిత్ర మొదటినుంచీ చెప్పమని, తీరిగ్గా ఒక పలకకు భుజం ఆనించి అత్తగారు వింటోంది. కథ మంచి పట్టులో ఉండగా లోపలినుంచి గుర్రం తన్నినట్టు ఒక్క తన్ను తగిలింది. అత్తగారు దుప్పట్ల గుట్ట మీద పడింది కాబట్టి సరిపోయింది. ఆస్పత్రిలో యంత్రాన్ని పరీక్షించిన కుర్రడాక్టరు, "గేటు చేసే గోల విని, అది మీ గుండె చేసే గోల అనుకుంది. దాని తప్పేం లేదు" అన్నాడు. తన్నులు తిన్నది అత్తగారు, వెనకేసుకొచ్చింది యంత్రాన్ని. గార్డు మాత్రం ఆ రోజునుంచి తన మోకాలి ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అప్పటినుంచి అత్తగారు ముందు గుమ్మం ఛాయలకు పోలేదు. వెనక సరుకు దించే దారిలో వచ్చి, అదే దారిలో పోయేది. ఇంట్లో మాత్రం కోడలికి కష్టాలు పెరిగాయి. భర్త దూరాలకు లారీ తోలే మనిషి, ఎప్పుడొస్తాడో ఎంతసేపుంటాడో ఆయనకే తెలియదు. ఇంట్లో ఉండేది అత్తా కోడళ్ళిద్దరే. కోడలు పొద్దున్నే పనికి బయల్దేరేసరికి అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమై "ఆగు" అనేది. గొడుగుందా, తాళంచెవి తీసుకున్నావా, కుళాయి కారుతున్న చప్పుడు విన్నావా, పక్కింటివాళ్ళ పిల్లి మన వైపెందుకు అలా చూస్తోంది... ఇంతలో మలుపులోంచి బస్సు వచ్చి, హారను కొట్టి, తన దారిన తను పోయేది. కోడలు వెనకాల పరుగెత్తేది. ఆ హడావిడిలో డబ్బా మరిచిపోయేది. మధ్యాహ్నానికి అత్తగారు ఆ డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చేది. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. ఈ కోడలు అత్త ఉండగానే ఆ పేరు తెచ్చుకుంది, కానీ పంటి బిగువున తెచ్చుకుంది.

ఆ రోజు కూడా అత్తగారు డబ్బాతో వెనక దారిన లోపలికొచ్చింది. ఆవిడ అడుగు పెట్టీ పెట్టగానే వెనకున్న ఇనుప షట్టరు దభీమని దిగి, నేలకు కరుచుకుని బిగుసుకుపోయింది. నలుగురు పట్టి లేపినా వేలు దూరేంత సందు కూడా రాలేదు.

"పోనీ అత్యవసర ద్వారం తీయండి" అంది కోడలు.

మేనేజరు మెడలోని టై సవరించుకున్నాడు. ఇబ్బంది కలిగినప్పుడల్లా అతను టై సవరించుకుంటాడు. అత్యవసర ద్వారానికి అడ్డంగా అతనే అమ్ముడుపోని పెద్ద బీరువా ఒకటి బిగింపజేశాడు. అది ముక్కలు ముక్కలుగా తెచ్చి అక్కడే కట్టిన బీరువా. దాన్ని విప్పగలిగిన వడ్రంగి ఊళ్ళో లేడు.

"గేటుకు కరెంటు కాసేపు ఆపేయండి సార్" అన్నాడు గార్డు.

"ఆపేస్తే ముందు గుమ్మం షట్టరు దానంతటదే దిగిపోతుందయ్యా! గేటు ఆగిందంటే దొంగలు పడ్డారని లెక్క. పైవాళ్ళు అలా అమర్చారు. అప్పుడు ఆవిడే కాదు, అందరం లోపలే."

షట్టరు బాగుచేసేవాడు మర్నాడు గానీ రాడట. దుకాణం మూశాక లోపల ఈగ కదిలినా గంటలు మోగుతాయట. మూసే వేళకు అత్తగారు బయట ఉండి తీరాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. తేడా ఏమిటంటే, ఈ గొయ్యికి తాళం కూడా పడింది.

అత్తగారిని తీసుకెళ్ళి అమ్మకానికి పెట్టిన సోఫాలో కూర్చోబెట్టారు. కాళ్ళు లాగుతున్నాయని ఆవిడ తన చెప్పులు విడిచి, పక్కన స్టాండులోంచి మెత్తటి కొత్త జత తీసి తొడుక్కుంది. కోడలు ఆస్పత్రికి ఫోన్ చేసింది. నర్సు అంతా విని, "ఇందులో భయపడాల్సిందేముందండీ? మామూలుగా నడుచుకుంటూ దాటేయమనండి. మధ్యలో ఆగొద్దనండి. అంతే" అంది.

అంతే అన్న మాట విని దుకాణమంతా ఊపిరి పీల్చుకుంది, కోడలు తప్ప. ఆ "అంతే"లో ఎంత ఉందో కోడలికి తెలుసు.

ముందు సాధన చేయిద్దామని కోటు స్టాండులు రెండు తెచ్చి, సోఫాలకూ కుర్చీలకూ మధ్య గేటులా నిలబెట్టారు. అత్తగారు హుందాగా లేచి నడిచింది. సరిగ్గా స్టాండుల మధ్యకు వచ్చి, వెనక్కి తిరిగి, "ఇలాగేనా?" అని అడిగింది.

"ఆగకూడదు అత్తయ్యా!"

"ఆగలేదే. అడిగానంతే."

రెండోసారి ఎవరూ నోరు మెదపకూడదని మేనేజరు ఆజ్ఞాపించాడు. దుకాణం చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. అత్తగారు స్టాండుల మధ్య ఆగి, "ఏమిటి, అందరూ అలా అయిపోయారు?" అంది. చెవుల్లో దూది పెట్టి నడిపిస్తే, మధ్యలో దూది తీసి "ఏమన్నా అన్నారా?" అంది. ఈలోగా బట్టలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు కొనడం మానేసి చుట్టూ మూగారు. పరాయివాళ్ళ సమస్యకు సలహా చెప్పడంలో ఉన్న సుఖం బేరంలో ఎక్కడుంది? ఒకావిడ, వెనక్కి తిరిగే అలవాటుంది కాబట్టి వెనక్కి నడిపించమంది. మాట్లాడుతూనే బయటికి పోవచ్చట. అత్తగారికి ఆ ఉపాయం తెగ నచ్చింది. అందరికేసి చూస్తూ, కబుర్లు చెబుతూ వెనక్కి నడిచి, స్టాండుల మధ్య రెండు కాళ్ళూ ఆనించి నిలబడి, ఆ కబురు పూర్తిచేసి గానీ కదల్లేదు.

"సామాన్ల బండిలో కూర్చోబెట్టి ఒక్క తోపు తోద్దాం" అన్నాడు మేనేజరు.

"బళ్ళు దొంగిలిస్తున్నారని మీరే కదా సార్, గేటు దగ్గరకు రాగానే చక్రాలు బిగుసుకుపోయేలా చేయించారు?" అన్నాడు గార్డు. "సరిగ్గా మధ్యలో ఆగిపోతుంది. అడకత్తెరలో పోకచెక్కే."

మేనేజరు టై సవరించుకున్నాడు.

సాయంత్రమైంది. కొత్తగా వచ్చిన ఒకాయన సోఫాను అటూ ఇటూ నొక్కి చూసి, అత్తగారిని కొంచెం జరగమని అడిగాడు. అత్తగారు జరిగి, ఆ సోఫాలో స్ప్రింగు గుచ్చుకుంటోందని నిజం చెప్పి పంపించేసింది. ఆవిడకి ఈ సంత బాగానే ఉంది. ఇంతమంది మనుషులు, ఇంత సందడి. కానీ గేటు అరిచినప్పుడల్లా ఆవిడ చేయి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదకు పోవడం కోడలు చూసింది.

అప్పుడు కోడలికి అత్తగారి అక్క గుర్తొచ్చింది. ఈవిడ జన్మలో ఒక్కసారే వెనక్కి తిరగకుండా గుమ్మం దాటింది. ఒకనాడు తన ఇంట్లో ఆ అక్కయ్యగారు పదిమందిలో, "నీ మాటలు వింటే నాకు తలనొప్పే" అంది. ఈవిడ లేచి, ఒక్క ముక్క మాట్లాడకుండా, ఎటూ చూడకుండా బయటికి నడిచింది. చాలా దూరం పోయాక గానీ కాళ్ళకు చెప్పులు లేవని గమనించలేదు. ఆ చెప్పులు ఇప్పటికీ అక్కగారింట్లోనే ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళకు ఇప్పటికీ మాటల్లేవు.

ఈ సంగతి కోడలు మెల్లగా గార్డు చెవిన వేసింది. గార్డు కడుపులో మాట దాగితే కదా! క్షణంలో దుకాణమంతటికీ పాకింది. అత్తగారికి కోపం తెప్పించాలి!

మేనేజరు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మగారూ, మీరు... మీరు బొత్తిగా మర్యాద తెలియని మనిషి."

"పాపం, తిట్టడం కూడా రాదు" అని అత్తగారు జాలిపడింది. "గట్టిగా అనాలి నాయనా. ఆ టై కాస్త వదులు చేసుకో, గొంతు వస్తుంది."

దుప్పట్లు కొంటున్నావిడ ముసలి గయ్యాళి అంది. ఇంకొకాయన చీర రంగు బాగాలేదన్నాడు. అత్తగారు ఒక్కొక్కరికీ మార్కులు వేస్తూ కూర్చుంది. దొంగ తిట్లు తగలవు. తగలాలంటే నిజం కావాలి, నిజమేమో నిష్ఠూరం. ఆ నిష్ఠూరం ఈ గుంపులో ఒక్క కోడలి దగ్గరే ఉంది, చాలాకాలంగా దాచుకున్నది. అది అనేస్తే అత్తగారు బయటపడుతుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళు మాట్లాడదో, అసలు మాట్లాడుతుందో లేదో. అనకపోతే ఆ పలకల మధ్య ఆగుతుంది, లోపల గుర్రం లేస్తుంది. గార్డు గడియారం వైపు చూశాడు. సగం దీపాలు అప్పటికే ఆర్పేశారు.

కోడలు కౌంటరులోంచి లేచి వచ్చి సోఫా ముందు నిలబడింది.

"అత్తయ్యా, మీరు రోజూ నన్ను గుమ్మంలో ఆపేది గొడుగు కోసం కాదు."

"మరి?" అంది అత్తగారు నవ్వుతూ. ఈసారి కోడలి వంతని ఆవిడకి అర్థమైంది.

"కుళాయి కోసమూ కాదు, పక్కింటి పిల్లి కోసమూ కాదు. నేను వెళ్ళిపోతే ఇంట్లో మీరొక్కరే ఉండాలి. అది మీకు భయం. భయమని చెప్పడానికి నామోషీ. అందుకని నా బస్సు తప్పిస్తారు. డబ్బా నేను మరిచిపోవట్లేదు, మరిచిపోయేలా మీరు చేస్తున్నారు, అది పట్టుకుని ఇక్కడికి రావచ్చని. యంత్రం పెట్టింది మీ గుండెలో. దానికి కాపలా మాత్రం నేను. నాకు విసుగొచ్చింది అత్తయ్యా. పొద్దున్నే మీ గొంతు వింటేనే విసుగొస్తోంది."

ఆఖరి మాట అంటానని కోడలు కూడా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

అత్తగారి ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, దాని వెనక మనిషి మాత్రం లేదు. మెల్లగా లేచింది. చేతిసంచీ తీసుకోలేదు. చెప్పుల వైపు చూడలేదు. మూగినవాళ్ళు దారిచ్చారు. తల ఎత్తుకుని, నిటారుగా, ఎవరి ముఖమూ చూడకుండా గుమ్మం వైపు నడిచింది.

పలకల మధ్యకు వచ్చేసరికి గేటు ఘొల్లున అరిచింది. ఆవిడ కాళ్ళకున్నవి దుకాణం చెప్పులు. వాటి ట్యాగు ఎవరు ఊడదీశారు గనక?

"ఆగండమ్మా!" అని గార్డు అలవాటుకొద్దీ కేకేశాడు.

"ఆగొద్దు!" అని దుకాణమంతా అరిచింది.

"ఆగొద్దు, ఆగొద్దు!" అని గార్డు కూడా అరిచి, తన నోటిని తనే రెండు చేతులతో మూసుకున్నాడు.

గేటు అరుస్తోంది, జనం అరుస్తున్నారు, మేనేజరు టైని గుప్పిట్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అత్తగారు వీటిలో ఒక్కటీ విననట్టు, ఆగకుండా, అడుగైనా తడబడకుండా దాటి, వీధిలో కలిసిపోయింది. లోపల జనం ఎడాపెడా చప్పట్లు కొట్టారు. ఒకరినొకరు ఎరగనివాళ్ళు కావలించుకున్నారు. మేనేజరు కోడలి దగ్గరకొచ్చి, "భలే నటించారండీ!" అన్నాడు. కోడలు వంగి, సోఫా కింద ఉన్న పాత చెప్పులు తీసి సంచీలో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చేయి ఖాళీ ఉంచుకుంది.

ఇంటికి చేరేసరికి తలుపు తెరిచే ఉంది. అత్తగారు ముందుగదిలో కుర్చీలో కూర్చుంది, కాళ్ళకు ఇంకా ఆ కొత్త చెప్పులే. ఒకదానికి ట్యాగు వేలాడుతోంది. కోడలికి లోపలికి అడుగు పడలేదు. తన సంచీ, అత్తగారి సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తిట్టినా బాగుండేది. అత్తగారు గోడ వైపు తిరిగింది.

"దుకాణంలో అన్నావే" అంది గోడతోనే. "అది నన్ను దాటించడానికి అన్నావా, నిజంగా అన్నావా?"

అబద్ధం కోడలి నాలుక చివరే ఉంది. దాటించడానికే అత్తయ్యా, అంటే చాలు. మేనేజరు కూడా సాక్ష్యం చెబుతాడు. ఇంట్లో మళ్ళీ మాటలుంటాయి.

"నిజంగానే అన్నాను" అంది కోడలు.

అత్తగారు తల ఊపింది. "అదే అనుకున్నా. అబద్ధమైతే ఆ గేటు మధ్యే ఆగి, తిరిగి నీకు జవాబు చెప్పేదాన్ని. జవాబు లేక పోవాల్సొచ్చింది."

కోడలు ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు, కానీ చెప్పుకి వేలాడే ట్యాగును వేళ్ళతో మెలిపెడుతూ కూర్చుంది.

"భయమే" అంది. "అది లోపల తన్నినప్పుడు పక్కన మనిషంటూ ఉంటే, కనీసం ఆ మనిషినైనా తిట్టుకోవచ్చు. ఒక్కదాన్నే కూర్చుని ఎవర్ని తిట్టను?"

"నన్ను తిట్టండి. ఫోన్ చేసి తిట్టండి."

"ఫోన్లో తిడితే తిట్టినట్టుంటుందా?" అని అత్తగారు విసుక్కుని, అప్పుడు ముఖం తిప్పి చూసింది. "లోపలికి రా. గుమ్మంలో ఏమిటా నిలబడటం?"

మర్నాడు కోడలు రోజూకంటే ముందే లేచి, ముందే తయారై, డబ్బా సంచీలో పెట్టుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది. బస్సుకు ఇంకా బోలెడంత వ్యవధి ఉంది.

"ఏమిటింత పెందలాడే?" అంది అత్తగారు వంటింట్లోంచి వచ్చి.

"తీరిగ్గా మాట్లాడుకుందామని. చెప్పండి అత్తయ్యా, ఏం చెప్పాలనుకుంటే అది."

అత్తగారు ద్వారబంధం పట్టుకుంది. ఆకాశం చూసింది. కుళాయి వైపు చూసింది, అది కారడం లేదు. పక్కింటి పిల్లి ఎక్కడా కనబడలేదు. ఎంత వెతికినా ఒక్క మాటా దొరకలేదు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు, ఎండ మెట్టు మీద నుంచి గడప మీదకు వచ్చేదాకా. మలుపులో బస్సు హారను వినిపించింది.

"ఏమీ లేదులే. వెళ్ళిరా" అంది అత్తగారు.

కోడలు మెట్లు దిగింది. వీధిలోకి వచ్చింది. బస్సు తలుపు తెరుచుకుంది. కోడలు ఒక కాలు పైకి పెట్టింది.

"ఆగు!" అని వెనకనుంచి కేక. "ఒక్క మాట!"

కోడలు ఆగింది. బస్సు ఆగలేదు.